నాలుగు వందల పన్నెండు మాటలు

హమీదాను మెడలో టేపు లేకుండా చూసినవాళ్ళు నరసరావుపేట కోర్టు వెనక సందులో ఒక్కరు కూడా లేరు. కూరగాయల బండి దగ్గరికొచ్చినా టేపే, పిల్లను తీసుకుని ఆస్పత్రికెళ్ళినా టేపే. "నిద్రపోయేటప్పుడన్నా తీస్తావా ఏందమ్మా?" అని వీధిలో ఆడవాళ్ళు ఆటపట్టిస్తే, "తీస్తే తల ఊడి కిందపడుద్ది పిన్నీ" అనేది. రాజుపాలెంలో పుట్టి, పన్నెండో ఏట మిషను ముందు కూర్చుని, ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లూ పంజాబీ డ్రెస్సులూ కుడుతున్న మనిషి. ఆమె కుట్టిన జాకెట్టు భుజం దగ్గర జారిందన్న మాట ఇంతవరకూ రాలేదు.

ఆ టేపు సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. దానికి మొదటి అంగుళం లేదు. కొసనున్న ఇత్తడి ముక్క ఎప్పుడో ఊడిపోయింది, తర్వాత ఆ అంగుళం మేర పీలికలై తెగిపోయింది. ఇప్పుడు టేపు మొదలయ్యేదే ఒకటో గీత నుంచి. అంటే టేపు మీద ఇరవై ఎనిమిది కనిపిస్తే అసలు కొలత ఇరవై ఏడన్నమాట. ఇంకొకరైతే అప్పుడే కొత్తది కొనుక్కునేవారు. హమీదా మాత్రం ఎనిమిదేళ్ళుగా దాంతోనే నెట్టుకొచ్చింది. కంటికి ఇరవై ఎనిమిది కనపడగానే నోరు ఇరవై ఏడు అంటుంది, చెయ్యి ఇరవై ఏడు రాస్తుంది. మధ్యలో ఒకటి తీసేస్తున్నానన్న ధ్యాస కూడా ఆమెకు ఉండదు. "లెక్కలు తప్పి ఆరో తరగతిలో బడి మానేశావు, రోజుకి వంద తీసివేతలు చేస్తున్నావే!" అని మొగుడు వాజిద్ నవ్వేవాడు. వాజిద్ లారీ షెడ్డులో మెకానిక్కు. నిదానస్తుడే గానీ, ఏదన్నా పాడైతే విప్పి చూసేదాకా చేతులు ఊరుకోవు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, సాదియా. తొమ్మిదేళ్ళది. చెవులు బాగానే వినిపిస్తాయి, చెప్పింది అర్థమవుతుంది, మాట మాత్రం రాలేదు. ఆకలేసినా ఏడుపే, ఉక్కపోసినా ఏడుపే. ఆ ఏడుపుల్లో ఏది ఎందుకో తెలియక అయిదేళ్ళపాటు హమీదా పడిన నరకం పగవాళ్ళకు కూడా వద్దు. ఆ తర్వాత దీపిక అనే టీచరమ్మ వచ్చింది. మాట రాని పిల్లలకు ప్రత్యేకంగా చెప్పే టీచరు. ఒక ట్యాబ్ కొనిపించి, అందులో బొమ్మల పేజీలు పెట్టింది. బొమ్మ మీద వేలు నొక్కితే ట్యాబ్ మాట పలుకుతుంది.

"బొమ్మలు మీ ఇంట్లోవే ఉండాలక్కా, గొంతు కూడా మీదే ఉండాలి. నవ్వుతా చెప్పండి. పిల్లకి మాట మీద ఇష్టం రావాలి" అంది దీపిక. హమీదా తమ ఇంటి గ్లాసునే ఫొటో తీసింది, తమ గిన్నెనే, తమ గడపనే. ఒక్కో ఫొటోకీ నవ్వు మొహం పెట్టుకుని, పండక్కి పిలుస్తున్నంత హుషారుగా మాట చెప్పి రికార్డు చేసింది. "నీళ్ళూ!" "అన్నం!" "అమ్మీ!" నీళ్ళు అన్న ఒక్క మాట సాదియాకు పట్టుబడడానికి పదకొండు వారాలు పట్టింది. పదకొండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తనంతట తాను వచ్చి గ్లాసు బొమ్మ నొక్కితే, హమీదా నీళ్ళివ్వడం మర్చిపోయి నేలమీద కూలబడి భోరుమంది. అట్లా ఒక్కోటీ కూడబెట్టగా నాలుగేళ్ళకు నాలుగు వందల పన్నెండు మాటలయ్యాయి. ఒంట్లో బాగాలేకపోతే చెప్పుకోవడానికి ఒక పేజీ ఉంది. కడుపు, పన్ను, చెవి, తల, కాలు, పక్కనే నొప్పి. మనసు సంగతులకు ఇంకో పేజీ ఉంది. అందులో కళ్ళు పెద్దవి చేసుకుని హమీదా తీయించుకున్న ఫొటో ఒకటుంది, కింద 'భయం' అని. దాన్ని మాత్రం సాదియా ఎన్నడూ నొక్కలేదు. "భావాల మాటలు కష్టం అక్కా. గ్లాసు కంటికి కనపడుద్ది, భయం కనపడదుగా" అని దీపిక ముందే చెప్పింది.

ఆ ట్యాబే తాళం పడిపోయింది.

రంజాన్ నెల ఆఖరి వారం. పండగ బట్టల కోసం జనం గుమ్మం దగ్గర కాచుకుని కూర్చుంటున్నారు. వాజిద్ అక్క కూతురు సబా సెలవలకని వచ్చి, ట్యాబ్‌లో ఆటలు పెట్టుకుంటూ బొమ్మల వరస చెడగొట్టింది. అన్నం ఉండాల్సిన చోట చెప్పులొచ్చాయి. సాదియా అన్నమని నొక్కితే ట్యాబ్ "చెప్పులూ!" అంది, పిల్ల ట్యాబ్‌ను విసిరికొట్టబోయింది. హమీదాకు ఒళ్ళు మండింది. శుక్రవారం సాయంత్రం, రోజా విడిచే వేళకు ముందు, సబా చేతే వరస సరిచేయించి, అది మళ్ళీ తెరవకుండా హమీదా తాళం నంబరు మార్చేసింది.

నంబరు పెట్టడంలో హమీదాకు ఒక పద్ధతి ఉంది. ఏటా పండక్కి సాదియాకు తనే గౌను కుడుతుంది. ఆ ఏటి పొడవు, ఛాతీ, నడుము, రెండేసి అంకెలు పక్కపక్కన పెడితే ఆరంకెల నంబరు. కూతురి కొలత తల్లికి కాక ఇంకెవరికి తెలుస్తుంది? ఇన్నాళ్ళూ పోయినేటి కొలత నడిచింది. శుక్రవారం కొత్త కొలత తీసింది, కొత్త నంబరు పెట్టింది. ఆ సాయంత్రమే వాజిద్ కొత్త టేపు ఒకటి తెచ్చి, "పండగ కానుక, ఇంక ఆ తెగిన పీలిక మానెయ్యి" అంటూ మెడలో వేశాడు. హమీదా పాతదాన్ని మేకుకు తగిలించి, ఆ రాత్రే గౌను కత్తిరించి కుట్టేసింది.

శనివారం పొద్దున సాదియా ఏడుస్తూ లేచింది. మామూలు ఏడుపు కాదు. తల పక్కకు వంచి, గోడకేసి కొట్టుకుంటోంది. హమీదా ట్యాబ్ తెచ్చి ముందు పెట్టి, నంబరు కొట్టింది. తప్పన్నది. చేతి అలవాటున పోయినేటిది కొట్టిందని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. కొత్తది కొట్టింది. తప్పు. ముప్ఫయ్యా, ముప్ఫై ఒకటా? ఛాతీ ఇరవై ఆరా, ఏడా? ఆ ఒక్కరోజే పదిహేను మందికి కొలతలు తీసింది, అందరి అంకెలూ బుర్రలో కలగాపులగమైపోయాయి. పిల్ల కేకలు వింటూ, ఏవేవో కొట్టింది. కాసేపాగమని ట్యాబ్ చెప్పింది, ఆగింది, మళ్ళీ కొట్టింది. బిడ్డను ఎత్తుకుని తను పెరట్లో తిప్పుతున్నంతసేపూ వాజిద్ తనకు తోచినవన్నీ కొట్టి చూశాడు. పెళ్ళి తేదీ, లారీ షెడ్డు నంబరు, పిల్ల పుట్టిన తేదీ, పిల్లను బడిలో వేసినప్పుడు రాయించిన తేదీ.

"ఏమే, ఇదేందో రాస్తంది చూడు" అన్నాడు చివరికి.

ఇంకా కొన్నిసార్లు తప్పు కొడితే లోపలున్నదంతా చెరిపేస్తానని రాసి ఉంది.

హమీదా దీపికకు ఫోను చేసింది. ఆమెకు గుంటూరు బదిలీ అయి మూడు నెలలైంది. "అది నేనే పెట్టానక్కా" అంది దీపిక, గొంతు చిన్నబోయి. "ఆడపిల్ల ఫొటోలున్నయ్యి, స్నానం పేజీ ఉంది. ఎవరన్నా దొంగిలిస్తే వాళ్ళ చేతిలో పడకూడదని, పదిహేనుసార్లు తప్పు కొడితే చెరిగిపోయేట్టు పెట్టా. మెయిల్‌కి ఒక కాపీ పంపుకోమన్నా కదా, పంపారా?"

పంపలేదు. ఎన్నిసార్లు చెప్పిందో! ఈ జాకెట్టు అవ్వగానే, ఈ పండగ అవ్వగానే, రేపు, ఎల్లుండి. ఆ రేపు రానేలేదు.

మధ్యాహ్నం సాదియాను ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పిల్ల ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ముగ్గురు పట్టుకున్నా లైటు వేసి చూడనివ్వలేదు, నర్సును కొరికింది. డాక్టరు జ్వరం చూసి, పిల్ల తల కొట్టుకోవడం చూసి, మొహం ముడుచుకున్నాడు. "మాట రాని పిల్ల, ఎక్కడ నొప్పో ఎట్టా తెలుస్తుంది? తలలో ఏమన్నా ఉందేమో చూడాలి. సోమవారం గుంటూరు తీసుకెళ్ళండి, మత్తిచ్చి స్కాన్ తీస్తారు" అని చీటీ రాసి, అప్పటిదాకా తాగించమని ఒక సిరప్ ఇచ్చాడు.

తలలో ఏమన్నా ఉందేమో! ఆ మాట హమీదా చెవిలో పడ్డ దగ్గర్నుంచీ లోపలికి చల్లని నీళ్ళు కారుతున్నట్టే ఉంది. నోరెండిపోయింది, అది రోజా వల్ల కాదు. తల నొప్పో, పన్ను నొప్పో, కడుపో, ఆ ఒక్క మాట చెప్పగలిగేది సాదియానే. చెప్పే నోరేమో ఆ నల్లటి అద్దం వెనకాల ఉంది. తాళం వేసింది తను. తన చేత్తో తనే బిడ్డ నోరు మూసింది.

దారిలో కనిపించిన మొదటి ఫోన్ల షాపులో ట్యాబ్ ఇస్తే, కౌంటరు వెనకాల కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూశాడు. "అరగంటలో లేపేస్తా మేడమ్. కొత్తదానిలాగా అయిపోద్ది" అంటూ పక్క బటన్లు రెండూ కలిపి నొక్కబోయాడు.

"కొత్తదానిలాగా అంటే?"

"మొత్తం పోద్ది. ఫ్రెష్‌గా వచ్చుద్ది."

హమీదా కౌంటరు మీదుగా వంగి అతని చేతిలోంచి ట్యాబ్ లాక్కుంది. అంత మోటుగా ఆమె ఎవరి చేతిలోనించీ ఏదీ లాక్కుని ఎరగదు.

ఎవరో సుధీర్ బాబు దగ్గరికెళ్ళమన్నారు. బస్టాండు వైపు చిన్న షాపు, మనిషి మెల్లగా మాట్లాడతాడు. ట్యాబ్ ముందు పెట్టుకుని, అంతా విన్నాడు. ఒక్క బటన్ కూడా నొక్కలేదు. తెర మీదున్నది చదివి, "ఇంక మూడుసార్లుందక్కా" అన్నాడు.

"మీకు తెలిసిన దారి ఏమన్నా ఉంటే చూడండి బాబూ. లోపలున్నది పోకుండా."

"లేదక్కా, అబద్ధం చెప్పను. నంబరు లేకుండా లోపలున్నది పోకుండా తెరవడం నా వల్ల కాదు. తెరుస్తామన్నవాళ్ళని నమ్మి చేతికివ్వొద్దు, చెరిపేసి ఇస్తారు. ఒక పని చెయ్యి. ఇక దీన్ని ఎవరి చేతా ముట్టించకు. చార్జింగు పెట్టి ఉంచు. ఆ నంబరు పెట్టిన సాయంత్రం ఎక్కడ కూర్చున్నావో అక్కడే కూర్చో, ఏం చేశావో మొదట్నుంచీ మళ్ళీ చెయ్యి. బుర్ర మర్చిపోయింది చేతులకు గుర్తుంటది."

వాజిద్ ఇంటికొచ్చాక గొణిగాడు. "పోతే పోయిందిలే, మళ్ళీ రికార్డు చేసుకుందాం. నువ్వున్నావు, ఫొటోలు తీసుకోవచ్చు."

"నీళ్ళకి పదకొండు వారాలయ్యా!" అంది హమీదా. అరవలేదు. అరిచే ఓపిక లేదు. "నాలుగు వందల పన్నెండు మాటలకి ఎన్ని వారాలో నువ్వే లెక్కెయ్యి. అప్పటిదాకా నా బిడ్డ మూగదేగా! సోమవారం మత్తిచ్చి పడుకోబెడతారు, లేచాక ఎట్టా ఉందో ఏ నోటితో చెబుద్ది?"

వాజిద్ ట్యాబ్‌ను అంచులు పట్టుకుని చార్జింగుకు పెట్టాడు. లారీ ఇంజను కింద దూరి పడుకునే మనిషి, ఆ పలకంత అద్దం మీద వేలు పడితే ఏమవుతుందోనని జంకుతున్నాడు.

ఆదివారం పొద్దున ఆమెకు చీటీ గుర్తొచ్చింది. కొలత తీసినప్పుడల్లా చిన్న కాగితం మీద రాసి గుడ్డకు గుండుసూదితో గుచ్చుతుంది. సాదియా గౌను గుడ్డకూ గుచ్చింది. కత్తిరించాక ఆ చీటీ ముక్కల సంచిలోకి పోయి ఉంటుంది. ముక్కల సంచి మూలన లేదు. శనివారమే అలీ సాహెబ్ పట్టుకెళ్ళాడు. పత్తి మిల్లుల వైపు పరుపులు కుట్టే ముసలాయన, వారం వారం వచ్చి గుడ్డపీలికలు తీసుకెళ్ళి తలగడల్లో కూరుతుంటాడు.

హమీదా చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆటో ఎక్కింది. దారి పొడుగునా తలగడలే కళ్ళ ముందు కనిపించాయి, కూరేసి, కుట్టేసి, అమ్మేసిన తలగడలు.

"మామా, నా సంచి విప్పారా?" అని గుమ్మంలోంచే అడిగింది.

"ఇప్పుడే విప్పుదామని కూర్చున్నానమ్మా. ఏందట్టా ఉన్నావు? పిల్లెట్టా ఉంది?"

జరిగింది చెప్పింది. ముసలాయన సంచి నేలమీద దిమ్మరించాడు. ఇద్దరూ కూర్చుని పీలిక పీలిక వెతికారు. దూది తుక్కు ముక్కుల్లోకి పోయి దగ్గొస్తోంది. ఎర్ర జరీ ముక్కలు, పసుపు లైనింగు, ఎవరివో జాకెట్టు చేతుల కత్తిరింపులు. గంట పట్టింది. చివరికి లేతాకుపచ్చ సిల్కు ముక్కకు గుండుసూదితో సహా చీటీ దొరికింది. తన చేతిరాతే. 31, 26, 24.

"అల్లా ఉన్నాడమ్మా" అన్నాడు అలీ సాహెబ్, ఆమె కంటే ముందు కళ్ళు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చి, వాజిద్‌ను పక్కన నిలబెట్టుకుని, ఒక్కో అంకే పైకి చదువుతూ నొక్కింది. మూడు, ఒకటి, రెండు, ఆరు, రెండు, నాలుగు.

తప్పు. ఇంకా రెండుసార్లు.

ఇది దెబ్బ అంటే! నంబరు మర్చిపోయానన్నప్పుడు ఉన్న భయం వేరు. రాసిపెట్టుకున్న నంబరు చేతిలో ఉండి, అదే తప్పన్నప్పుడు కలిగిన భయం వేరు. తన మతి మీద, తన చేతిరాత మీద, అసలు శుక్రవారం సాయంత్రం జరిగిందా లేదా అన్నదాని మీదే నమ్మకం పోయింది. వెర్రి ఎక్కుతోందేమో అనిపించింది. గౌను కుట్టడమైపోయింది కదా, ఒకవేళ లూజు కలిపిన కొలత పెట్టానేమోనని గౌనే తీసి, కొత్త టేపుతో కొలిచింది. ఎదిగే పిల్ల అని లోపల మడత వదిలి కుట్టింది. 33, 29, 27. వాజిద్ వద్దంటున్నా నొక్కేసింది.

తప్పు. ఇంకొక్కసారే.

హమీదా ట్యాబ్‌ను మిషను మీద బోర్లించి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. లోపల్నుంచి సాదియా మూలుగు వినపడుతోంది. ఇప్పుడు కేకలు కూడా లేవు, సిరప్ మగతో, అలసిపోయిందో. కేకలకంటే ఆ మూలుగే ఎక్కువ భయపెట్టింది. గుమ్మం ముందు పండగ బట్టల కోసం వచ్చినవాళ్ళను ఎదురింటి ఝాన్సీ వెనక్కి పంపిస్తోంది. "పిల్లకి బాగోలేదమ్మా, రేపు రండి, రేపు రండి" అని ఆమె గొంతు వినపడుతోంది.

సుధీర్ బాబు మాట గుర్తొచ్చింది. ఎక్కడ కూర్చున్నావో అక్కడే కూర్చో.

శుక్రవారం మిషను ముందు ఈ స్టూలు మీదే కూర్చుంది. ట్యాబ్‌ను దారపు రీళ్ళ డబ్బాకు ఆనించి నిలబెట్టింది. సాదియా ఇక్కడ నిలబడింది. హమీదా లేచి, సాదియాను ఎత్తుకొచ్చి ఎదురుగా నిలబెట్టింది. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. మెడలోంచి టేపు తీసి ఛాతీ చుట్టూ వేయబోయింది. కొత్త టేపు, మందంగా, గరుగ్గా ఉంటుంది. అది తగలగానే సాదియా కీచుమని దాన్ని లాగి కింద పడేసింది. రెండోసారి వేయబోతే మళ్ళీ లాగేసింది. అంత జ్వరంలోనూ తడబడుతూ గోడ దగ్గరికెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, మేకుకు వేలాడుతున్న పాత టేపు తీసుకొచ్చి తల్లి చేతిలో పెట్టింది. ఆ పిల్ల అంతే. గ్లాసు మారితే నీళ్ళు తాగదు. కొలత తీస్తే ఆ టేపుతోనే తీయాలి.

హమీదా పాత టేపును ఛాతీ చుట్టూ వేసింది. తెగిన కొస వచ్చి కలిసిన చోట బొటనవేలు పెట్టింది. "ఇరవై ఆరు" అంది పైకి.

అని, తన బొటనవేలి కింద చూసింది. అక్కడ ఇరవై ఏడు ఉంది.

నోరు తీసేసింది ఒకటి. ఎప్పటిలాగే. చీటీ రాసేటప్పుడు చెయ్యి కూడా తీసేసింది. కానీ ట్యాబ్‌లో? ఇంతకు ముందు నంబరు పెట్టినప్పుడల్లా చీటీ చూసి కొట్టేది. శుక్రవారం చీటీ తర్వాత రాసింది. సాదియా ఒక్క నిమిషం నిలబడదని, ఎడంచేత్తో టేపు పట్టుకుని, కుడిచేత్తో అప్పటికప్పుడు కనపడ్డది కనపడ్డట్టు నొక్కింది. మరోసారి కొట్టమని ట్యాబ్ అడిగితే, మళ్ళీ టేపు చుట్టి, మళ్ళీ చూసి నొక్కింది. మాట్లాడలేదు. నోరు తెరవలేదు. చూసింది, నొక్కింది, అంతే. ఒకటి తీసే నోటికి ఆ రోజు పని పడలేదు.

"ఏమయ్యా!" అని అరిచింది. వాజిద్ పరిగెత్తుకొచ్చాడు.

చెప్పింది. అతను రెండుసార్లు విన్నాడు. టేపు కొస పట్టుకుని చూశాడు. "ముప్ఫై రెండు, ఇరవై ఏడు, ఇరవై అయిదు" అన్నాడు మెల్లగా. "కాకపోతే?"

"కాకపోతే అంతా పోద్ది."

"ఆగుదామా? గుంటూరెళ్ళొచ్చాక..."

హమీదా కూతురి వైపు చూసింది. సాదియా మిషను కాలికి ఆనుకుని కూర్చుని, తలను చెక్కకేసి ఒత్తుకుంటోంది. పెదాలు ఎండిపోయి పగిలాయి. రేపు ఆ పిల్లకు మత్తు మందిస్తారు, తల లోపల వెతుకుతారు. ఎక్కడ నొప్పో చెప్పగలిగిన పిల్లకు, చెప్పే దారి మూసేసి.

"ఆగను" అంది. కళ్ళు గట్టిగా మూసుకుని, లోపల్లోపల దువా చేసుకుంది. తెలిసిన దువాలన్నీ మర్చిపోయి, "నా తప్పుకి దాన్ని శిక్షించకు" అని తెలుగులోనే అనుకుంది.

మూడు. వేలు జారుతుందేమోనని కొంగుతో తుడుచుకుంది. రెండు. రెండు. ఏడు. ఇక్కడ చెయ్యి ఆగిపోయింది. వాజిద్ ఆమె భుజం పట్టుకున్నాడు. రెండు. అయిదు. కింద టిక్కు గుర్తు మీద వేలు పెట్టి, ఎత్తలేకపోయింది. ఎత్తింది.

తెర నల్లబడింది. అదెంత, అర క్షణం. ఆ అర క్షణంలో నాలుగేళ్ళూ పోయాయనుకుంది.

తర్వాత గ్లాసు కనిపించింది. తమ ఇంటి గ్లాసు, అంచు నొక్కుకుపోయిన స్టీలు గ్లాసు. దాని పక్కన గిన్నె. గడప. చెప్పులు.

వాజిద్ నేలమీద కూలబడి, పెద్ద మగవాడు, ఎక్కెక్కి ఏడ్చాడు. హమీదాకు ఏడుపు రాలేదు. ట్యాబ్ తీసుకెళ్ళి కూతురి ఒళ్ళో పెట్టింది. సాదియా మొదట నమ్మనట్టు చూసింది. తర్వాత వేలితో పేజీలు తిప్పింది, చాలా తొందరగా, రెండు రోజులుగా అదే దారిలో పరిగెడుతున్నట్టు.

"అమ్మీ!" అంది ట్యాబ్. హమీదా గొంతే. నవ్వుతూ, పండక్కి పిలుస్తున్నంత హుషారుగా. "చెవీ! నొప్పీ!" మళ్ళీ. "చెవీ! నొప్పీ! చెవీ! నొప్పీ! చెవీ!"

తలలో కాదు. చెవి. ఇప్పుడు ఎడంచేత్తో పిల్ల తన ఎడమ చెవి పట్టుకుంది. రెండు రోజులుగా గోడకు కొట్టుకున్నది ఆ వైపే, అంతమందీ తల అనుకున్నారు. ఆ నవ్వే గొంతు నొప్పీ నొప్పీ అంటుంటే హమీదా ఇక వినలేకపోయింది. కూతురి మీద వంగి, "తెలిసింది తల్లీ, తెలిసింది, అమ్మీకి తెలిసింది" అని ఆ వేడి నుదురంతా ముద్దులు పెట్టుకుంది.

ఆదివారమైనా ఇంటి దగ్గర చూసే చెవి డాక్టరమ్మ ఒకామె ఉంటే అక్కడికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ ఏం చేయబోతున్నదీ ముందే సాదియాకు బొమ్మలు నొక్కి చూపించింది హమీదా. లైటు. చెవి. అమ్మీ. పిల్ల వణికింది గానీ కొరకలేదు. లోపల చీము పట్టి, కర్ణభేరి ఉబ్బి ఉందట. "ఇంకో రెండు రోజులైతే పగిలేది. మందు వాడితే తగ్గిపోద్ది. ఆ జ్వరం, ఆ తల కొట్టుకోడం దీనికే. స్కాన్లూ మత్తులూ ఏమీ అక్కర్లేదు" అంది డాక్టరమ్మ. చెవిలో చుక్కలు వేసి, మందులు రాసింది.

తిరుగు ఆటోలో హమీదా కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. రేపు పొద్దున షట్టరు తీయకముందే సుధీర్ బాబు షాపు ముందు నిలబడి కాపీ పెట్టించుకోవాలి, ఒకటి కాదు, రెండు కాపీలు. మెడలో పాత టేపే ఉంది, ఎప్పుడు వేసుకుందో తెలియదు. ఇప్పుడొచ్చింది ఏడుపు. రెండు రోజులుగా ఎక్కడ దాక్కుందో గానీ, ఆపుదామన్నా ఆగకుండా, ఆటోవాడు అద్దంలో చూస్తున్నా ఆగకుండా వచ్చింది.

సాదియా తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ట్యాబ్ తిప్పి, మనసు సంగతుల పేజీ తెరిచింది. అందులో కళ్ళు పెద్దవి చేసుకున్న హమీదా ఫొటో ఉంది. దాన్ని నొక్కింది.

"భయం!" అంది ట్యాబ్, నవ్వుతూ.

హమీదా ఏడుపు ఆపి చూసింది. సాదియా మళ్ళీ పేజీ తిప్పుతోంది. అన్నం తిన్నాక గిన్నె ఖాళీ అయితే నొక్కే బొమ్మ ఒకటుంది. తోమి బోర్లించిన గిన్నె బొమ్మ. దాని మీద వేలు పెట్టి, తల్లి చూస్తోందా లేదా అని ఒకసారి చూసి, నొక్కింది.

"అయిపోయింది!"

తల్లికి వినపడలేదేమోనని, రెండూ మళ్ళీ వరసగా నొక్కింది.

"భయం! అయిపోయింది!"